ఇద్దరు పిల్లల ఇంట్లో సెమీ ఆటోమేటిక్ మెషిన్: నా మాటంతా డ్రయ్యర్ గురించే

సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్ ఎట్లా ఉంటుందో, ఎంతకొస్తుందో అందరికీ తెలిసిందే. అన్ని కంపెనీలవీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి పేరు జోలికి కూడా పోను. 2019లో మా పెద్దబిడ్డ పుట్టిన ఏడాది కొన్నాం, ఇప్పటికీ నడుస్తోంది. ఇందులో నాకు ప్రాణమైంది ఒక్కటే, పక్కన వేరుగా ఉండే ఆ చిన్న డ్రయ్యర్. ఉతికే టబ్‌తో దానికి సంబంధం లేదు. అది ఉతుకుతున్నా, ఖాళీగా ఉన్నా, దీని పని దీనిదే. దుకాణంలో ఎన్ని కిలోలు, ఎన్ని స్టార్లు, వారంటీ ఎన్నేళ్లు అని చెప్తారు గానీ ఈ సంగతి ఎవరూ చెప్పరు. చిన్నపిల్లలున్న ఇంటికి మాత్రం అసలు సంగతి ఇదే.

మాది హన్మకొండ. నాది ప్రైవేటు ఉద్యోగం, నా భార్య స్టాఫ్ నర్సు. ఆమెకు నైట్ డ్యూటీలు పడుతుంటాయి కాబట్టి బట్టల పని ఎక్కువగా నాదే. బిడ్డ ఒకటో తరగతి, చిన్నోడు నర్సరీ.

చిన్నోడికి డైపర్ మాన్పించిన రోజులు గుర్తొస్తే డ్రయ్యర్‌కు దండం పెట్టాలనిపిస్తుంది. రాత్రి ఏ రెండింటికో లేచి ఏడుస్తాడు. లాగు తడి, దుప్పటి తడి, ఒక్కోసారి పక్కన పడుకున్న అక్క గౌను కూడా తడి. ఆ టైములో మెషిన్ నిండా నీళ్లు పట్టి ఉతికేదెవరు? బాత్‌రూంలో నల్లా కింద సబ్బుతో ఓసారి రుద్ది, జాడించి, డ్రయ్యర్‌లో వేసి నాబ్ తిప్పితే ఐదు నిమిషాల్లో నీళ్లు కారకుండా బయటికొస్తాయి. ఇంట్లోనే ఫ్యాన్ కింద ఆరేస్తే తెల్లారేసరికి ముట్టుకుంటే పొడిగానే ఉండేవి. ఉదయానికి వాసనకొట్టే బట్టల కుప్ప ఉండేది కాదు. పిల్లవాణ్ని కసురుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. నాకు అదే పెద్ద సంగతి. మా అమ్మ పరకాల నుంచి వచ్చినప్పుడు ఇది చూసి, "మేం చలికాలంల తడిబట్టలు పిండలేక చేతులు పడిపోయేటియి కొడుకా, గిదేదో మా కాలంలనే ఉంటే అయిపోవు" అన్నది.

ఇక బడి బట్టలు. బిడ్డకు మామూలు యూనిఫాం రెండు జతలు, బుధ, శనివారాలకు తెల్ల జత ఒక్కటే. మంగళవారం సాయంత్రం ఆ తెల్ల అంగీ తీసి చూస్తే పోయిన శనివారం నాటి పులిహోర మరక కనిపిస్తుంది. ఒక్క అంగీ కోసం మెషిన్ వేయక్కర్లేదు. మరక మీద సబ్బు రాసి, చేత్తో ఉతికి, డ్రయ్యర్‌లో తిప్పి, పొద్దున్నే ఇస్త్రీ చేస్తే సరిపోతుంది.

నా భార్య తన డ్యూటీ బట్టలను పిల్లల బట్టలతో అసలు కలపనివ్వదు. అది ఆమె నియమం, నర్సు మాట కాబట్టి మేమూ పాటిస్తాం. పొద్దున డ్యూటీ దిగి రాగానే అవి వాషింగ్ టబ్‌లో పడతాయి. అప్పటికి పిల్లల బట్టలు పక్కన డ్రయ్యర్‌లో తిరుగుతుంటాయి. రెండు పనులూ ఒకేసారి సాగుతాయి, ఎవరి కోసం ఎవరూ ఆగక్కర్లేదు. కరీంనగర్‌లో మా వదిన దగ్గర ఫుల్లీ ఆటోమేటిక్ ఉంది. అందులో కూడా స్పిన్ ఒక్కటే పెట్టుకునే వీలుంది, కాదనను. కానీ అది ఒక లోడు ఉతుకుతుంటే మధ్యలో ఇంకో తడి దుప్పటి తెచ్చి వేయలేం కదా. ఉన్నది ఒక్క టబ్బే.

2023 జులై చివర్లో కురిసిన వానలు ఈ జిల్లాలవాళ్లు మర్చిపోరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 64 సెంటీమీటర్లకు పైగా పడింది. హన్మకొండలో నయీంనగర్ వైపు కాలనీలు మునిగాయి. మా ఇంట్లోకి నీళ్లు రాలేదు గానీ ఎండ ముఖం చూడలేదు. చిన్నోడు అప్పటికి నెలల పిల్లవాడు. పగలంతా మెత్తటి పాత చీర గుడ్డలే కట్టేవాళ్లం, రాత్రికి మాత్రమే డైపర్. దండెం మీద గుడ్డలు ఆరక ముక్కవాసన పట్టే వాతావరణం అది. డ్రయ్యర్‌లో ఒకసారి కాదు, తీసి దులిపి మళ్లీ రెండోసారి తిప్పేవాణ్ని. అట్లా తిప్పినవాటిని ఇస్త్రీపెట్టె కింద రెండుసార్లు లాగితే కట్టడానికి పనికొచ్చేవి. ఆ వారం మా పక్కింటివాళ్ల మనవరాలి బట్టలు కూడా మా డ్రయ్యర్‌లోనే తిరిగాయి. కరెంటు ఉన్నంతసేపూ అనుకోండి. కరెంటు పోతే ఏ మెషినైనా ఒకటే.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో మేడారం జాతర. చిన్నోడికి నిలువెత్తు బంగారం మొక్కు ఉండె. వాణ్ని తూకం వేసి, ఆ ఎత్తు బెల్లం అమ్మవార్లకు సమర్పించి, జంపన్నవాగులో స్నానాలు చేసి, ఎర్రటి దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చాం. ఆ దుమ్మూ, బెల్లం జిగురూ ఉన్న బట్టలు ముందు డ్రయ్యర్‌లో వేయకండి. బకెట్లో నానబెట్టి మట్టి వదిలాకే వేయాలి. డ్రయ్యర్ అడుగున చేరిన మట్టి తొందరగా పోదు.

ఇంత పొగిడాక కొన్ని విషయాలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి. ఇది ఆరబెట్టదు, పిండుతుంది, అంతే. పిల్లల పల్చటి బట్టలకు ఆ పిండడమే చాలు కాబట్టి మాకు అద్భుతంలా అనిపిస్తుంది. నా జీన్ ప్యాంటూ పెద్ద టవళ్లూ వానాకాలంలో ఒక రోజంతా దండెం మీద ఉండాల్సిందే. మా అమ్మ పాతచీరలతో కుట్టిన బొంత అయితే ఇందులో పట్టనే పట్టదు. ఏడు కిలోల మెషిన్ అంటే ఆ లెక్క ఉతికే టబ్‌కు, డ్రయ్యర్‌కు కాదు. మే నెల వరంగల్ ఎండలో దీని అవసరమూ అంతగా ఉండదు, మిద్దె మీద వేసిన బట్టలు మనం కిందికి దిగేలోపే ఆరతాయి. బట్టలు ఒకవైపే ఉండగడితే టబ్ దడదడ కొట్టుకుంటుంది, ఆపి సర్దాలి. చలికాలం పొద్దున తడి బట్టలు ఒక టబ్ నుంచి ఇంకో టబ్‌లోకి చేత్తోనే మార్చాలి, చేతులు జివ్వుమంటాయి.

ఇక అది మొండికేసిన రోజు సంగతి. చిన్నోడు నర్సరీకి పోవాల్సిన మొదటి రోజుకు ముందు సాయంత్రం. కొత్త యూనిఫాం గంజికి బిర్రుగా ఉంది, మెడ దగ్గర గీసుకుంటుందని ఓసారి ఉతికాం. డ్రయ్యర్‌లో వేసి నాబ్ తిప్పితే 'గుయ్' అని శబ్దమే తప్ప టబ్ తిరగలేదు. కాసేపటికి కమురు వాసన. వెంటనే ప్లగ్గు పీకేశాను. ఆ రాత్రి నేను చేత్తో పిండితే, నా భార్య తడి పోయేదాకా ఇస్త్రీ చేసింది. పొద్దున వాడు అవే వేసుకుని పోయిండు.

సర్వీసు సెంటర్ నుంచి ఒకతను వచ్చాడు. ప్లగ్గు పెట్టి, ఆ గుయ్‌మన్న చప్పుడు విని, స్క్రూ ఒక్కటి కూడా విప్పకుండానే, "మోటారు కాలిపోయింది సార్. మూడు వేల దాకా అయితది. దానికన్నా దీన్ని ఎక్స్చేంజిలో ఇచ్చేయండి" అన్నాడు. వచ్చినందుకు డబ్బులు తీసుకుని పోయాడు. విప్పకుండా చెప్పిన ఆ తీర్పు మీద నాకు ఇప్పటికీ కోపమే.

తర్వాత కాజీపేటలో కూలర్లు, మోటార్లు బాగుచేసే పెద్దమనిషిని పిలిచాను. ఆయన ముందు ప్లగ్గు తీయించి, వెనక రేకు విప్పాడు. డ్రయ్యర్ మూత తెరిచి ఉంటే బ్రేకు పట్టి ఉంటుంది కాబట్టి టబ్ చేత్తో తిప్పినా తిరగదు. అందుకని ఆ బ్రేకును వేలితో వెనక్కి లాగి పట్టుకుని, "ఇప్పుడు తిప్పు తమ్మీ" అన్నాడు. తిప్పాను. సగం తిరిగి ఆగింది, బలవంతం చేస్తే రబ్బరు లాగినట్టు వెనక్కి వచ్చింది. "బ్రేకు ఇడిసినంక గూడ టబ్ తిరుగుతలేదంటే అడ్డం ఉన్నది మోటర్ల కాదు, మీద. లోపల ఏదో సుట్టుకున్నది" అన్నాడు. కెపాసిటర్ చూశాడు, మోటారు వైండింగ్ దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. వేడెక్కింది గానీ కాలలేదన్నాడు. కింద మోటారుకూ టబ్‌కూ మధ్య ఉన్న బోల్టు విప్పి, టబ్‌ను పైకి లాగేశాడు.

అడుగున సబ్బు జిగురు, మట్టి, నిలిచిపోయిన నీళ్లు. ఇరుసుకు గట్టిగా చుట్టుకుపోయి నల్లటి తాడు లాంటిది ఒకటి. కత్తెరతో కోసి, నీళ్లలో కడిగి ఒక్కొక్కటే నేల మీద పెట్టాడు. బిడ్డ బడి సాక్సు ఒకటి. జడకు పెట్టే రబ్బరు బ్యాండు. నీళ్లు పోయే దారిలో ఇరుక్కున్నది ఇంకొకటి, చిన్నోడు పుట్టిన కొత్తలో ముఖం గీరుకోకుండా చేతికి తొడిగిన తెల్ల గ్లవుజు. దాని కోసం నా భార్య అప్పట్లో ఇల్లంతా వెతికింది. మసి పట్టిన దాన్ని ఆమె పారేయనివ్వలేదు.

ఇవి అందులోకి ఎట్లా పోయాయంటే, డ్రయ్యర్‌లో బట్టల మీద నొక్కి పెట్టడానికి చిల్లులున్న ప్లాస్టిక్ మూత ఒకటి ఇస్తారు. మాదాని కొసలు రెండో ఏడే విరిగాయి. అడిగితే ఆ మోడల్ ఆగిపోయిందన్నారు. ఆ మూత లేకపోతే టబ్ వేగంగా తిరిగేటప్పుడు తేలికైన బట్టలు అంచు దాటి ఎగిరి, టబ్‌కూ బయటి డొల్లకూ మధ్య సందులో పడతాయి. పెద్దవాళ్ల బట్టలు ఆ సందులో పట్టవు, పడేవన్నీ పిల్లలవే. వంద రూపాయలు కూడా చేయని ఆ ముక్కను ఇంత పలచగా చేయడం, తర్వాత దొరకకుండా చేయడం అన్యాయం. పసిపిల్లలున్న ఇళ్లలోనే ఎక్కువగా వాడే వస్తువుకు పసిపిల్లల సాక్సు సైజు తెలియకపోతే ఎట్లా?

పెద్దమనిషి అడుగంతా కడిగి, సాక్సు ఒరుసుకుని అరిగిన వాటర్ సీలు కూడా మార్చాడు. అది కారితే నీళ్లు నేరుగా కింది మోటారు మీద పడతాయట. వరంగల్ చౌరస్తా వైపు ఒక స్పేర్ పార్టుల దుకాణం నుంచి ఆ సైజుకు సరిపోయే మూత కూడా తెచ్చిచ్చాడు. అన్నీ కలిపి తొమ్మిది వందలు తీసుకున్నాడు. అప్పటినుంచి చిన్నవన్నీ జిప్పున్న నెట్ బ్యాగులో వేసే తిప్పుతున్నాం. అంతకుముందు చుట్టాలకు "కళ్లు మూసుకుని కొనండి" అని చెప్పేవాణ్ని. ఇప్పుడు "నెట్ బ్యాగు కొనండి, ఆ లోపలి మూత ఇంకోటి అప్పుడే అడిగి తీసుకోండి" అని కలిపి చెప్తున్నా.

నడిచే వయసు పిల్లలుంటే ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. డ్రయ్యర్ తిరుగుతుండగా మూత ఎత్తితే కరెంటు ఆగి, బ్రేకు పట్టి, కొద్ది క్షణాల్లో టబ్ నిలబడాలి. నిలబడకుండా అట్లాగే తిరుగుతుంటే బాగుచేయించేదాకా వాడొద్దు. మా చిన్నోడికి ఆ మూత ఎత్తడం మహా సరదా, అందుకే మేం అప్పుడప్పుడూ పరీక్షిస్తుంటాం. ఇక పని అయ్యాక ప్లగ్గు తీసేస్తాం. అడుగున ఎలుకలు దూరకుండా జాలీ కూడా బిగించుకోండి.

కొనాలా వద్దా అంటే, మా లెక్క మీకు సరిపోకపోవచ్చు. మాది సొంతిల్లు, పెరట్లో నల్లా ఉంది, మోరీ పక్కనే ఉంది, పొద్దున అరగంట మెషిన్ దగ్గర నిలబడే మనిషి ఉన్నాడు. పిల్లలు చిన్నవాళ్లు, పగలూ రాత్రీ తడిపేవాళ్లు. ఇవన్నీ కలిసినందుకే ఈ డ్రయ్యర్ మాకు ఇంతగా అక్కరకొచ్చింది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక కూడా ఇట్లాగే పొగుడుతానా అంటే చెప్పలేను. మా తమ్మునికి ఈ మధ్యే పాప పుట్టింది, ఏది కొనాలని అడిగాడు. వాళ్లుండేది అపార్ట్‌మెంటులో, మెషిన్ పెట్టేది చిన్న బాల్కనీలో, ఇద్దరూ ఎనిమిదింటికే బయల్దేరతారు. వాడికి ఫుల్లీ ఆటోమేటిక్ తీసుకోమనే చెప్పాను. పాపకు డైపర్ మాన్పించే రోజులొస్తే మాత్రం రాత్రి దుప్పట్ల సంగతి ముందే ఆలోచించుకొమ్మన్నాను.