వేప నూనె, వేప గింజల కషాయం: ఏళ్లుగా వాడుతున్న మనిషిగా నా అభిప్రాయం

ముందే చెప్పేస్తాను. మొక్కలకు పట్టే పురుగుల మీద వేపను మించిన మందు నేను ఇంతవరకు చూడలేదు. తలకు, చర్మానికి కొంతవరకు మేలు చేస్తుంది. లోపలికి తీసుకోవడం గురించి అడిగితే మాత్రం వద్దనే అంటాను.

మొక్కల సంగతితో మొదలుపెడతాను. మందారకు పిండినల్లి, గులాబీకి తామర పురుగులు, మిరపకు తెల్లదోమ... వీటన్నిటికీ నేను వాడేది వేప నూనే. కొత్తగా వాడేవాళ్లకు టెన్షన్ మొదలయ్యేది మర్నాడు పొద్దున్నే. ఆకు తిప్పి చూస్తే పురుగులు కదులుతూనే కనిపిస్తాయి. పనిచేయలేదనుకుని సీసా మూలన పెట్టేస్తారు. కానీ వేపలోని అజాడిరాక్టిన్ తగలగానే చంపే విషం కాదు. అది పురుగుకు ఆకు తినబుద్ధి కాకుండా చేస్తుంది, కుబుసం విడవడానికి కావలసిన హార్మోన్‌ను దెబ్బతీస్తుంది. పిల్ల పురుగులు తర్వాతి దశకు ఎదగలేక చస్తాయి, పెద్దవి గుడ్లు పెట్టడం తగ్గిపోతుంది. అందుకే నేను చచ్చిన పురుగులను లెక్కపెట్టను. వారం పది రోజులయ్యాక వచ్చే కొత్త చిగురు ముడుచుకోకుండా విచ్చుకుందా లేదా అన్నదే చూస్తాను.

ఈ గుణం సైన్సు వాళ్ల కంట్లో గట్టిగా పడింది 1959లో. సూడాన్‌లో మిడతల దండు దిగి పచ్చగా ఉన్నదంతా మేసేస్తే వేప చెట్లు మాత్రం మిగిలాయని జర్మన్ కీటక శాస్త్రవేత్త హైన్‌రిచ్ ష్ముటరర్ గమనించారు. అజాడిరాక్టిన్‌ను విడిగా తీసింది 1968లో. దాన్ని ల్యాబ్‌లో మొదటి నుంచి చివరి దాకా తయారు చేయడం 2007 దాకా కుదరలేదు, అంత చిక్కు నిర్మాణం దానిది. ఇప్పటికీ అది గింజల నుంచి రావాల్సిందే. అందుకే సీసాకూ సీసాకూ అంత తేడా ఉంటుంది.

కాబట్టి కొనేటప్పుడు నేను వెతికేది లేబుల్ మీద అజాడిరాక్టిన్ ఎంతో రాశారా అన్నదే. 300, 1500, 10000 పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) అని ఉంటాయి. 10000 అంటే ఒక శాతం. శుద్ధి చేసిన వేప నూనె అని ఇంకో రకం దొరుకుతుంది, అందులో అజాడిరాక్టిన్ దాదాపు తీసేసి ఉంటుంది. అది మెత్తటి పురుగుల ఒంటికి పట్టి ఊపిరాడకుండా చేస్తుంది, బూడిద తెగులును అదుపులో పెడుతుంది. గొంగళి పురుగుకు అది చాలదు. ఆకులు మరిగించిన నీళ్లతో పురుగులు పోతాయని చెప్పేవాళ్లున్నారు గానీ, అసలు సత్తువంతా గింజ పప్పులో ఉంది.

గింజలు దొరికితే కషాయం నేనే చేసుకుంటాను. లీటరు నీటికి 50 గ్రాముల పప్పు పొడి గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున్న బాగా పిండి వడకట్టడమే. నూనె అయితే లీటరుకు 5 మిల్లీలీటర్లు. ముందు నూనెను కొద్దిగా సబ్బు నీళ్లలో గిలక్కొట్టి, అది పాలలా తెల్లబడ్డాక మిగతా నీళ్లు పోయాలి, లేకపోతే నూనె పైన తేలి ఒక ఆకు మాడుతుంది, ఇంకో ఆకుకు ఏమీ అందదు. కలిపింది ఆ రోజే వాడేయాలి. ఎండకు అజాడిరాక్టిన్ త్వరగా విరిగిపోతుంది, అందుకే పిచికారీ సాయంత్రమే, అదీ ఆకుల అడుగున. తేనెటీగలు కూడా ఆ వేళకు వెళ్లిపోయి ఉంటాయి. చేపల తొట్టి, చెరువు దగ్గర మాత్రం అసలు కొట్టొద్దు. కొత్త మొక్కకైతే రెండు ఆకుల మీద కొట్టి ఒక రోజు చూసుకోండి. పురుగు ఉన్నన్నాళ్లూ వారానికోసారి కొట్టాలి. ఆ ఓపిక లేకపోతే వేప జోలికి వెళ్లకపోవడమే మంచిది.

నూనె తీయగా మిగిలిన వేప పిండిని మట్టిలో కలపడం కూడా నాకు బాగా నచ్చింది. వేళ్లకు పట్టే నులిపురుగులు తగ్గుతాయి, నత్రజని నెమ్మదిగా అందుతుంది.

ఇక ఒంటి విషయం. తలకు నేరుగా రాయను. ఒక చెంచా వేప నూనెను పది చెంచాల కొబ్బరి నూనెలో కలిపి, గంట ఉంచి కడిగేస్తాను. చుండ్రు, దురద తగ్గుతాయి, మానేస్తే మళ్లీ వస్తాయి. జుట్టు రాలడం ఆగుతుందన్న ప్రచారానికి నా తల మీద రుజువు దొరకలేదు. గంధకం ఘాటు కలిసిన ఆ వాసన ఒక తలస్నానంతో పోదు. చెమట పొక్కులకు వేపాకు మరిగించి చల్లార్చిన నీళ్లు హాయిగా ఉంటాయి. తామరకు మాత్రం వేప ఒక్కటే సరిపోలేదు, డాక్టర్ రాసిన పూత మందుతోనే తగ్గింది. కొందరి చర్మానికి వేప పడదు, ముందు మోచేతి లోపలి వైపు రాసి చూడండి.

లోపలికి వద్దని ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, పసిపిల్లలకు కొద్దిపాటి వేప నూనె తాగించినా వాంతులు, మగత, ఫిట్స్ వచ్చి, కాలేయం, మెదడు దెబ్బతిన్న కేసులను 1980ల మొదట్లోనే మలేసియా వైద్యులు నమోదు చేశారు. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. దయచేసి పిల్లలకు ఒక్క చుక్క కూడా పట్టకండి. గర్భిణులు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు కూడా దూరంగా ఉండాలి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు వేపాకు రసం తాగితే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది.

సీసాను పిల్లలకు అందని చోట, ఎండ తగలకుండా ఉంచుతాను. చలికి నూనె గడ్డకడితే పాడైనట్టు కాదు, గోరువెచ్చని నీళ్లలో కాసేపు పెడితే కరుగుతుంది. నిల్వ ఉన్నకొద్దీ పవర్ తగ్గుతుంది కాబట్టి, తయారీ తేదీ చూసి చిన్న సీసానే కొంటాను.