రీలు కెమెరా, డిజిటల్ కెమెరా: వైజాగ్ ఎండలో ఇరవై ఏళ్లు దాటాక

నా దగ్గర రెండు కెమెరాలున్నాయి. మొదటిది రీలు కెమెరా, నికాన్ ఎఫ్‌ఎం2. 2002లో డాబాగార్డెన్స్‌లో స్టూడియో నడిపిన ఒక మాస్టారి దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఊటీలో తయారైన ‘ఇందు’ రీళ్లతో చెయ్యి తిరిగిన మనిషి ఆయన. రీలు కడగడం, అంటే రసాయనాల్లో ముంచి బొమ్మ తేల్చడం, నేర్పిందీ ఆయనే. రెండోది డిజిటల్, నికాన్ డి750, 2015లో కొత్తది తీసుకున్నాను. అంతకుముందు ఆరేళ్లు డి90 వాడాను. ఇన్నేళ్లూ చినవాల్తేరులోనే, సముద్రానికి పది నిమిషాల నడకలో ఉన్నాం. ఇక్కడి ఎండ, ఉప్పుగాలి లేకపోతే నా అభిప్రాయం ఇంకోలా ఉండేదేమో.

ముందు ఎండ సంగతి చెప్తాను. వేసవిలో ఆర్కే బీచ్‌లో ఏడింటికే ఎండ కళ్లల్లో పొడుస్తుంది. నీళ్ల మీద తళుకు, అలల మీద తెల్లటి నురగ, ఆ వెలుగుకి అడ్డంగా నల్లగా కనిపించే పడవలు, మనుషులు. ఇవన్నీ ఒక్క ఫొటోలో పట్టాలి. డిజిటల్‌కి మారిన కొత్తలో నాకు దెబ్బ తగిలింది ఇక్కడే. వెలుగు కాస్త ఎక్కువ పడితే నురగంతా సున్నం కొట్టినట్టు అయిపోయేది. సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ ఇంత వెలుగు అని మాత్రమే పట్టుకోగలదు. గ్లాసు నిండాక పోసిన నీళ్లలాగా ఆ పైన పడిందంతా పొర్లిపోతుంది. తర్వాత కంప్యూటర్లో ఎంత సరిచేసినా ఆ నురగలో గీతలు రావు.

కలర్ నెగటివ్ రీలు ఇక్కడ ఓర్చుకుంటుంది. వెలుగు పెరిగేకొద్దీ నెగటివ్ చిక్కబడుతూ పోతుంది గానీ ఒక్కసారిగా చేతులెత్తేయదు. రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) ఎక్కువిచ్చినా నురగలోని మడతలు ప్రింటులో కనిపిస్తాయి. అదే రెండు స్టాపులు తక్కువైతే మాత్రం నీడలన్నీ బురదలా, ఇసక చల్లినట్టు వస్తాయి. డి750కి బలం సరిగ్గా అక్కడే. రా ఫైలు, అంటే సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచిన ఫైలు, ఉంటే పడవ నీడలో కూర్చున్న మనిషి ముఖాన్ని కూడా పైకి తీసుకురావచ్చు. అందుకే రీలు ఉన్నప్పుడు నీడను చూసి వెలుగు ఇస్తాను, డిజిటల్ ఉన్నప్పుడు నురగను చూసి ఇస్తాను. పుస్తకాల్లో ఉన్న మాటే ఇది, కానీ నా చేతికి అలవాటయ్యేసరికి ఎన్నో ఉదయాలు పోయాయి.

ఒక తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో, వేలం దగ్గర బుట్ట సర్దుకుంటున్న పెద్దావిడని ఎఫ్‌ఎం2తో తీశాను. ఆవిడ నేరుగా నా దగ్గరికొచ్చి కెమెరా వెనక్కి తిప్పి చూసింది. “ఏటి బాబూ, ఇందులో బొమ్మ అగుపడదేటి?” అంది. “రీలు కెమెరా అమ్మా, కడిగించాలి” అన్నాను. “మరెప్పుడట్టుకొస్తావు?” అని అడిగింది. మూడు వారాల తర్వాత ప్రింటు తీసుకెళ్లాను. చేతులు తడిగా ఉన్నాయని ముట్టుకోలేదు. పక్కనున్న పిల్లని పట్టుకోమని, వంగి చాలాసేపు చూసుకుంది. తర్వాత దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టించి బొడ్లో దోపుకుంది. డిజిటల్‌తో తీసినవాళ్లు తెర మీద చూసుకుని నవ్వి వెళ్లిపోతారు, మళ్లీ అడగరు. అడగలేదు కదా అని నేనూ ప్రింట్లు వేయించలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. మర్నాడు డి90 పట్టుకుని బయల్దేరితే, ఉన్న రెండు బ్యాటరీలూ ఆ మరుసటి రోజు మధ్యాహ్నానికి అయిపోయాయి. మా వీధికి కరెంటు వచ్చేసరికి వారం దాటింది. ఆ వారమంతా ఎఫ్‌ఎం2యే దిక్కు. దాని షట్టర్ స్ప్రింగుల మీద, గేర్ల మీద నడుస్తుంది. అడుగున వేసే రెండు బొత్తాం బ్యాటరీలు వెలుగు కొలిచే మీటరు కోసమే. అవి లేకపోయినా 1/4000 సెకను వరకు అన్ని వేగాలూ పనిచేస్తాయి. ఇంట్లో మిగిలిన మూడు రీళ్లు, అంటే 108 ఫొటోలు, లెక్క చూసుకుంటూ తీశాను. కైలాసగిరి ఆకులన్నీ మాడిపోయి, నిప్పంటుకుని ఆరిన కొండలా ఉన్న ఫొటో ఆ రీళ్లలోదే.

ఆ తుపానులోనే బీరువా మీద పెట్టిన నెగటివ్‌ల అట్టపెట్టె తడిసిపోయింది. తడిసిన నెగటివ్‌ని ఆరనివ్వొద్దు, ఆరితే కవరుకి అతుక్కుపోతుందని మాస్టారు ఎప్పుడో చెప్పారు. తాగడానికే నీళ్లు దొరకని రోజులవి. అయినా మా ఆవిడే ఒక క్యాను తెచ్చి బకెట్లో పోసింది. నానబెట్టి, ఒక్కో ముక్కా కవరులోంచి మెల్లగా జార్చి, వంటింట్లో తాడు కట్టి బట్టల క్లిప్పులతో ఆరేశాం. ఐదారు తప్ప అన్నీ దక్కాయి. ఒకదానికొకటి అతుక్కుపోయిన ప్రింట్లు మాత్రం దక్కలేదు.

రెండేళ్లకి హార్డ్ డిస్క్ ఒకటి టకటకమని చప్పుడు చేసి ఆగిపోయింది. 2012, 2013లో తీసినవి, అంటే మా అబ్బాయి మొదటి రెండేళ్లు, మొత్తం అందులోనే ఉన్నాయి. రికవరీ చేస్తామన్న చోట డబ్బు తీసుకుని పదకొండు ఫైళ్లు చేతిలో పెట్టారు, అవీ సగం బూడిదరంగు పట్టీలు. ఆ రెండేళ్లలో రీలు మీద తీసినవి నలభై దాకా ఉన్నాయి. వాడి పసితనం మాకు మిగిలింది ఆ నలభైలోనే. ఇప్పుడు ప్రతి ఫైలుకీ మూడు కాపీలు పెడుతున్నాను, ఒకటి మా తమ్ముడింట్లో.

అలాగని రీలు వాడటం ఇక్కడ తేలిక కాదు. ఎఫ్‌ఎం2 వెనక తలుపు అంచున ఉండే నల్ల స్పాంజి ఈ ఉక్కకి జిగురుగా కరిగిపోయింది. అది తెలిసేలోగా రెండు రీళ్ల నిండా నారింజ రంగు చారలు పడ్డాయి. ఒక వర్షాకాలం తోలు కేసులో వదిలేసిన 50 ఎంఎం లెన్సుకి బూజు పట్టింది. ఇప్పుడు రెండు కెమెరాలూ గాలి చొరని డబ్బాలో, సిలికా జెల్‌తో ఉంటాయి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే తీసి, తేమ పోయేలా వేడిచేస్తాను. బీచ్ నుంచి రాగానే తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవడం రెండింటికీ తప్పదు.

బ్లాక్ అండ్ వైట్ ఇంట్లోనే కడుగుతాను. ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 రీలుకి డి-76 డెవలపర్ (బొమ్మను తేల్చే రసాయనం) 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. మే నెలలో కుళాయి నీళ్లే 30 దాటి ఉంటాయి కాబట్టి టబ్బులో ఐసు ముక్కలేసి, థర్మామీటరు చూస్తూ కూర్చోవాలి. ఒకసారి డెవలపర్‌ని చల్లబరిచి, చివర కడిగేటప్పుడు డాబా మీది ట్యాంకు నీళ్లు నేరుగా వదిలేశాను. వేడికి మెత్తబడ్డ పొర మీద నా గోరు తగిలి, మా నాన్నగారి ఫొటోలో నుదుటి మీద గీత పడింది. అది పోదు. కలర్ రీళ్లు కడిగే యంత్రాలు నాకు తెలిసిన ల్యాబులన్నీ తీసేశాయి. వేరే ఊరికి కొరియర్ చేస్తున్నాను.

రీలు వెయ్యి రూపాయలు, కడగడం, స్కానింగ్, కొరియర్ కలిపి ఇంకో ఏడెనిమిది వందలు. షట్టర్ నొక్కిన ప్రతిసారీ దాదాపు యాభై రూపాయలు.

చీకటి పడితే రీలుని పక్కన పెట్టేయడమే మంచిది. ఒక నేవీ డే సాయంత్రం బీచ్‌లో ఎఫ్‌ఎం2తో నిలబడ్డాను. సరిగ్గా హెలికాప్టర్లు కిందికి దిగే వేళకి రీలు అయిపోయింది. చుట్టి, మార్చి, తలెత్తేసరికి అవి లేవు. తర్వాత ఎప్పుడు వెళ్లినా డి750యే, తక్కువ వెలుగులోనూ పట్టేలా ఐఎస్‌వో 6400 పెట్టుకుని.

ఒక్క కెమెరాకే డబ్బుంటే డిజిటల్ తీసుకోండి, నేను మరోమాట చెప్పను. పెళ్లిళ్లు, రాత్రిళ్లు, పరుగెత్తే పిల్లలు, అన్నీ దానితో అవుతాయి. నేను రీలు ఉంచుకున్నది పొద్దుటి సముద్రం కోసం, ఇంట్లోవాళ్ల ముఖాల కోసం. నెగటివ్‌లని ఇప్పుడు డి750తోనే ఫొటో తీసి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను, అసలువి కవర్లలో ఉంటాయి.

పాత ఎఫ్‌ఎం2 కొనేవాళ్లు వెనక తలుపు తీసి, షట్టర్‌ని 1 సెకను మీద పెట్టి నొక్కి చూడండి. అది మధ్యలో ఆగినా, బాగా తొందరగా మూసుకున్నా సర్వీసింగ్ ఖర్చు కూడా లెక్కేసుకోండి. అంచుల్లో స్పాంజిని వేలితో తాకండి, నల్లగా అంటుకుంటే మార్పించాలి. లెన్సు లోంచి టార్చిలైటు వేసి చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే, ఎంత తక్కువకిస్తామన్నా ఆ లెన్సు వదిలేయండి. మన ఊరి గాలికి అది పెరుగుతుందే గానీ తగ్గదు.