టైరు 35, మడ్‌గార్డు 45: కాకినాడ వానకి నేను బిగించుకున్న సెట్టు

ముందే చెప్పేస్తాను, ఈ సైకిలు మడ్‌గార్డుల సెట్టుకి ఐదుకి నాలుగు మార్కులు. తగ్గించిన ఆ ఒక్క మార్కూ మడ్‌గార్డులకి కాదు, వాటితో పాటు ప్యాకెట్లో పెట్టి పంపిన బోల్టులకి. లెక్కల టీచర్ని కదా, ఎక్కడ ఎంత పోయిందో చెప్పకుండా మార్కులు వేసే అలవాటు లేదు.

మాది కాకినాడ. ఇల్లు జగన్నాథపురంలో, బడి సర్పవరం జంక్షన్ దాటాక. వంతెన ఎక్కి దిగితే మెయిన్ రోడ్డు, అక్కణ్ణుంచి భానుగుడి, ఆ తర్వాత తిన్నగా సర్పవరం. ఆ ఒక్క వంతెన తప్పిస్తే లేచి తొక్కాల్సిన చోటే లేని ఊరు, సైకిలుకి ఇంతకన్నా ఏం కావాలి! చిక్కల్లా వానతోనే. జూన్‌లో మొదలైన నైరుతి వానలు సర్దుకున్నాయి అనుకునేలోపు అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు తగులుకుంటాయి. పైనుంచి పడేదానికి రెయిన్‌కోటు ఉంది. వాన వెలిశాక రోడ్డు మీద నిలిచి, టైరుతో పాటు పైకి లేచే బురదనీటికి రెయిన్‌కోటు ఏం చేస్తుంది? లేత రంగు చుడీదార్ వేసుకుని, నడుం నుంచి మెడ దాకా గోధుమరంగు చార పడి, తొమ్మిదో తరగతిలో బోర్డు వైపు తిరిగి రాయాలంటే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

నాది గేర్ల సైకిలు. 700 బై 35 టైర్లు, రెండు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, ముందు ఫోర్కులో స్ప్రింగులు లేవు. ఈ కాలం గేర్ల సైకిళ్ళు చాలావాటిలాగే ఇది కూడా మడ్‌గార్డులు, స్టాండు, క్యారేజీ, ఆఖరికి బెల్లు కూడా లేకుండానే వచ్చింది. మా నాన్నగారు సైకిలు కొన్నప్పుడు అవన్నీ ధరలోనే కలిసి ఉండేవి. ఇప్పుడు వాటికి యాక్సెసరీస్ అని పేరు పెట్టి ఒక్కోదానికీ వేరే బిల్లు.

ఈ సెట్టుకి ముందు సీటు కింది గొట్టానికి బిగించే పొట్టిరకం వాడాను. వీపుకి చార పడకుండా ఆపుతుంది, అబద్ధం ఎందుకు. అంతవరకే. స్పీడ్ బ్రేకర్ మీద కుదుపు రాగానే అది ఒక పక్కకి తిరిగిపోతుంది, మనం వెనక్కి చూసుకోం కాబట్టి బడికి వెళ్ళాక గానీ తెలియదు. అసలు సంగతేమిటంటే, తిరిగే చక్రం వదిలిన నీటిచుక్క స్పర్శరేఖ వెంట పోతుంది. పదో తరగతి పాఠమే. ముందు చక్రానికి వెనక వైపు, నేలకి దగ్గరగా ఊడిన చుక్క వెనక్కీ కొంచెం పైకీ వెళ్తుంది. అక్కడ ఉండేవి మన పాదాలు, పెడళ్ళు, చైను. చక్రం పైభాగం నుంచి ఊడింది ముందుకు ఎగిరి, గాలికి వేగం తగ్గి, మన మొహానికే తగులుతుంది. వీపు మీద చార వెనక చక్రం పని. అంటే పొట్టిరకం ఆపేది ఈ మూడింట్లో ఒక్కటే. చెప్పులు, చుడీదార్ అంచు, చైను అలాగే తడుస్తాయి. ఉప్పుగాలి ఊళ్ళో తడిసిన చైనుని రెండు రోజులు వదిలేస్తే ఎర్రగా తుప్పు.

అందుకే చక్రం చుట్టూ సగం దాకా వచ్చి, కమ్మీలతో ఇరుసు దగ్గర బిగించే పూర్తి నిడివి సెట్టు తీసుకున్నాను. ప్లాస్టిక్ గార్డులు, స్టీలు కమ్మీలు, నలుపు రంగు, 45 మిల్లీమీటర్ల వెడల్పు. ధర 1,850 రూపాయలు. కొనేముందు టైరు పక్కన ఉన్న అంకెలు చదవండి. నాదాని మీద 35-622 అని ఉంది. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము కొలత, రెండూ మిల్లీమీటర్లలోనే. గార్డు వెడల్పు టైరు కన్నా కనీసం 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. 35కి 45 సరిగ్గా సరిపోయింది. 35కి 35 గార్డు వేస్తే రెండు పక్కల నుంచీ నీళ్ళు చిమ్ముతూనే ఉంటాయి, అలా వేసుకుని తిరిగేవాళ్ళని కూడా చూశాను. మరీ వెడల్పుది తీసుకుంటే ఫోర్కు కాళ్ళ మధ్య పట్టదు.

మా వీధి చివర సైకిలు షాపు బాబాయ్ గారికి ఈ ప్లాస్టిక్ వ్యవహారం మొదట నచ్చలేదు. ఆయన దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పాత హీరోలు, అట్లాసులు. అట్లాస్ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020లో మూతపడింది గానీ, ఆయన షాపు ముందు చూస్తే ఆ సంగతి తెలియదు. "ఇనప మడ్‌గార్డు వేసేస్తానండి టీచర్ గారూ, మనవలు తొక్కుతారు" అన్నారు. గట్టిదనంలో దానికి తిరుగులేదు. కానీ ఆ పాత సైకిళ్ళ చక్రం 28 బై ఒకటిన్నర అంగుళాలు, రిమ్ము 635 మిల్లీమీటర్లు. నా 622 మీద ఆ వంపు సరిగ్గా కూర్చోదు, డిస్క్ బ్రేకు పక్కనుంచి ఆ కమ్మీలు పోవు. పైగా ఇనుముకి మా ఊరి గాలి ఎలాగూ పడదు, పెయింటు గీసుకున్న చోటల్లా తుప్పు లేస్తుంది. ఇదంతా చెప్పాక ఆయన ప్యాకెట్ విప్పి, కమ్మీ వంచి చూసి, "సరే, కూర్చోండి" అన్నారు.

బిగించడానికి గంటన్నర పట్టింది. వెనకది ముందు పెట్టాం. ఫ్రేముకి ఇరుసు దగ్గర మర కోసిన చిన్న కన్నాలుంటాయి, కమ్మీల కొసలు అక్కడికి. సీటు గొట్టం వెనక ఉన్న అడ్డ కమ్మీకి ఒక క్లిప్పు. కింద పెడళ్ళ వెనక ఉండే అడ్డ కమ్మీకి మాత్రం నా ఫ్రేములో కన్నం లేదు. బాబాయ్ గారు గార్డుకి సన్నటి డ్రిల్లు బిట్టుతో రెండు బెజ్జాలు పెట్టి, ప్లాస్టిక్ ట్యాగుతో కట్టేశారు. ప్యాకెట్లో ఇచ్చిన కాగితం మీద ఈ ఉపాయం లేదు.

ఆ తర్వాత ఆయన చేసిన పని చూసి ముచ్చటేసింది. మొక్కలకి నీళ్ళు పట్టే గొట్టం ముక్కలు మూడు కోసి, టైరుకీ గార్డుకీ మధ్య మూడు చోట్ల దూర్చారు. దాంతో చుట్టూ ఒకే సందు వచ్చింది. నట్లన్నీ అప్పటిదాకా వదులుగానే ఉంచి, ఈ ముక్కలు పెట్టాక బిగించి, చివర్లో లాగేశారు. చక్రం తిప్పితే ఎక్కడా రాసుకోలేదు. మడ్‌గార్డు బిగించడంలో నైపుణ్యం అంతా ఆ సందులోనే ఉంది. తక్కువైతే టైరుకి అంటుకున్న చిన్న రాయి కూడా లోపల గీసుకుంటూ మోత పెడుతుంది. ఎక్కువైతే చూడ్డానికి బాగుండదు, నీళ్ళు పక్కలకి చిమ్ముతాయి. 10 మిల్లీమీటర్లకి తగ్గకుండా చూసుకోండి.

కమ్మీలు కావాలనే పొడుగ్గా ఇస్తారు. ఎంత మిగిలిందో గుర్తు పెట్టుకుని, విప్పి, హాక్సా బ్లేడుతో కోసి, కొసల్ని ఆకురాయితో నున్నగా చేసి, నల్ల రబ్బరు టోపీలు తొడగాలి. కోయకుండా వదిలేస్తే పిక్కలకి గుచ్చుకోవడమే కాదు, చున్నీ కూడా పట్టేస్తుంది. ఆడవాళ్ళు ఈ పని తప్పకుండా చేయించుకోండి.

ముందు చక్రం దగ్గర అసలు తిప్పలు. డిస్క్ బ్రేకు ఫోర్కుకి ఎడమ పక్కన సరిగ్గా కమ్మీకి అడ్డంగా ఉంటుంది. కుడి కమ్మీ తిన్నగా వెళ్ళిపోయింది, ఎడమది బ్రేకుకి తగిలి ఆగింది. వంచుదామా అంటే వంచితే విరుగుతుందని బాబాయ్ గారు ఒప్పుకోలేదు. డబ్బాలో వెతికి ఒక అల్యూమినియం బుష్ (బోల్టు దూరే చిన్న గొట్టం ముక్క) తీసి, కన్నానికీ కమ్మీకీ మధ్య పెట్టి, 30 మిల్లీమీటర్ల పొడుగు బోల్టు వేశారు. కమ్మీ బ్రేకు మీదుగా బయటికి జరిగి వెళ్ళింది. ఈ బుష్ సెట్టుతోనే ఇవ్వొచ్చు, డిస్క్ బ్రేకులు లేని గేర్ల సైకిళ్ళు ఇప్పుడెన్ని దొరుకుతున్నాయి?

ఈ సెట్టులో నాకు బాగా నచ్చింది ముందు కమ్మీల కొస దగ్గర ఉన్న ప్లాస్టిక్ క్లిప్పు. పుల్లో, గోనెసంచి ముక్కో టైరుతో పాటు లోపలికి పోయి ఇరుక్కుంటే గార్డు ముడుచుకుని చక్రం ఆగిపోతుంది, మనం హ్యాండిల్ మీదుగా ముందుకు పడతాం. అలాంటప్పుడు ఈ క్లిప్పు ఊడిపోయి గార్డుని వదిలేస్తుంది. జర్మనీ వాళ్ళ ఎస్‌కేఎస్ సెట్లలో ఇలాంటిదాన్నే సెక్యూ-క్లిప్ అంటారు. నేను చేత్తో గట్టిగా లాగి చూశాను, ఊడింది, మళ్ళీ నొక్కితే కూర్చుంది. ఏ కంపెనీది కొన్నా సరే, ముందు చక్రానికి ఈ క్లిప్పు లేని సెట్టు నేనైతే కొనను.

గార్డు నిడివి మాత్రం ముందు చక్రానికి చాలదు. నేలకి జానెడు పైనే ఆగిపోయింది. ఇందాక చెప్పిన స్పర్శరేఖ ప్రకారం పాదాల మీదకి వచ్చే నీళ్ళు సరిగ్గా ఆ కింది భాగం నుంచే వస్తాయి. బాబాయ్ గారు పాత స్కూటర్ ట్యూబు తీసి, అరచేయంత ముక్క, కింద కొంచెం వెడల్పుగా ఉండేలా కోసి, గార్డు కొసకి రెండు చిన్న నట్లతో బిగించారు. ఇప్పుడది నేలకి నాలుగు వేళ్ళ ఎత్తులో వేలాడుతోంది. స్పీడ్ బ్రేకర్‌కి తగిలితే వంగుతుంది, మళ్ళీ తిన్నగా అవుతుంది. చెప్పులు పొడిగా ఉండటానికి కారణం 1,850 రూపాయల సెట్టు ఎంతో, ఈ ట్యూబు ముక్క కూడా అంతే. కూలి 200 అన్నారు, ట్యూబు ముక్కకి వేరే ఏమీ తీసుకోలేదు.

ఇక వాడకం. ఈ వానాకాలం మొత్తం తొక్కాను. వీపు మీద చార లేదు. చెప్పులు, రోడ్డు మీద నీళ్ళు నిలబడి పెడళ్ళకే తగిలేంత లోతు ఉంటే తప్ప, తడవలేదు. చైను తుడవడం వారానికోసారికి తగ్గింది. మొదట్లో కంకర తేలిన చోట టకటకమని చప్పుడొచ్చేది. క్లిప్పుల కింద ట్యూబు రబ్బరుతో వాషర్లు కోసి పెట్టాక ఆగిపోయింది.

మార్కు తగ్గించింది బోల్టులకి అన్నాను కదా. ఒక్క నెలకే తలల మీద ఎర్రగా తుప్పు పట్టింది. కమ్మీలు స్టెయిన్‌లెస్ ఇచ్చి, బోల్టులు మామూలువి ఇవ్వడం ఏం పొదుపో! హార్డ్‌వేర్ షాపులో అదే సైజు స్టెయిన్‌లెస్‌వి, నైలాన్ రింగు ఉన్న నట్లు కొని మార్పించాను. ఇవి కుదుపులకి వదులవవు.

ఇంకో రెండు విషయాలు. నేను పొట్టి, నా ఫ్రేము చిన్నది. నెమ్మదిగా వెళ్తూ హ్యాండిల్ బాగా తిప్పితే చెప్పు కొస ముందు గార్డుకి తగులుతుంది. వేగంగా వెళ్ళేటప్పుడు అంత తిప్పం కాబట్టి టెన్షన్ లేదు, కానీ గేటు దగ్గర, సందు మలుపుల్లో గుర్తుంచుకోవాలి. రెండోది, తారురోడ్డు, సిమెంటురోడ్డు వరకే దీని ఘనత. కరప వైపు మా అమ్మగారి ఊరికి వెళ్ళినప్పుడు చేల గట్టు దారిలో జిగట మట్టి గార్డు లోపల మెత్తుకుపోయి చక్రం తిరగనంది. దిగి పుల్లతో గీకాను. అలాంటి దారిలో రోజూ తిరిగేవాళ్ళు సందు ఇంకా ఎక్కువ ఉంచుకోవాలి, లేదా చక్రానికి చాలా ఎత్తున ఉండే రకం చూసుకోవాలి.

ముందు ఫోర్కులో స్ప్రింగులున్న సైకిలైతే ఈ సెట్టు వద్దు. చాలా వాటికి కమ్మీ బిగించే కన్నమే ఉండదు, ఉన్నా కాళ్ళు పైకీ కిందకీ కదులుతుంటే గార్డు స్థిరంగా ఉండదు. క్యారేజీ కూడా ఉన్నవాళ్ళకి వెనక ఒకే కన్నం ఉంటే, ఒకే పొడుగు బోల్టుకి రెండూ ఎక్కించొచ్చు. బరువు మోసేది క్యారేజీ కాబట్టి అది ఫ్రేముకి ఆనుకుని లోపల, మడ్‌గార్డు కమ్మీ దాని బయట. షాపుకి వెళ్ళేటప్పుడే ఎం5 (5 మిల్లీమీటర్ల మందం) స్టెయిన్‌లెస్ బోల్టులు 16 మిల్లీమీటర్ల పొడుగువి అరడజను, 30వి రెండు, ఒక బుష్ జేబులో వేసుకుని వెళ్ళండి.