వేడిగాలిలో ఏది మేలు: పాలిఇమైడా, పీబీఐయా?

పాలిఇమైడ్లు, పీబీఐ (పాలిబెంజిమిడజోల్) రెండూ గట్టి వేడిని తట్టుకునే పాలిమర్లు, అంటే గొలుసుల్లాంటి పొడవాటి అణువులున్న పదార్థాలు. పాలిమర్ కెమిస్ట్రీ చదివే పిల్లలు పదేపదే అడిగే ప్రశ్న ఇది: టీజీఏ గ్రాఫులో (వేడి పెంచుతూ పోతే బరువు ఎంత తగ్గుతుందో చూపే గ్రాఫు) పీబీఐ అంత గట్టిగా నిలబడుతుంటే, ఏళ్ల తరబడి వేడిలో ఉండే విమాన ఇంజిన్ భాగాలకు పాలిఇమైడ్లనే ఎందుకు వాడతారు?

ముందు ఆ గ్రాఫు ఏ వాయువులో తీశారో చూడండి. నైట్రోజన్‌లో తీసి ఉంటే, అక్కడ బంధాలను తెంపేది వేడి ఒక్కటే. గాలిలోనైతే ఆక్సిజన్ తోడవుతుంది. దానికి గొలుసు మొత్తంతో పనిలేదు, హైడ్రోజన్ తేలిగ్గా ఊడే చోటు ఒకటి దొరికితే చాలు. అక్కడ పుట్టిన ఫ్రీ రాడికల్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న ముక్క) ఆక్సిజన్‌తో కలిసి పక్క గొలుసులకూ చేటు తెస్తుంది. బెంజీన్ వలయానికి నేరుగా అంటుకున్న హైడ్రోజన్‌ను ఊడబెరకడానికి మోలుకు సుమారు 470 కిలోజౌళ్లు కావాలి. టోలుయీన్‌లో (బెంజీన్ వలయానికి మిథైల్, అంటే CH3, అంటుకున్న అణువులో) మిథైల్ హైడ్రోజన్‌కు 375 సరిపోతుంది. రెండు వలయాల మధ్య ఉన్న మిథిలీన్‌కు (CH2 గుంపుకు) ఇంకా తక్కువ చాలు. నేను ఏ పాలిమర్‌నైనా మొదట ఈ కంటితోనే చూస్తాను.

పీబీఐ వలయాల్లో నత్రజనికి అంటుకున్న హైడ్రోజన్ ఉంది, ఆ వలయాలు ఎలక్ట్రాన్లతో నిండుగానూ ఉంటాయి. ఆక్సిజన్‌కు అది అనువైన చోటు. పాలిఇమైడ్ వలయంలో ఆ హైడ్రోజన్ లేదు. పైగా రెండు కార్బొనిల్‌లు (C=O గుంపులు) ఎలక్ట్రాన్లను తమవైపు లాగేస్తాయి. అందుకే కొద్ది నిమిషాల తీవ్రమైన వేడికి పీబీఐ, 300 డిగ్రీల దగ్గర్లో వేల గంటల గాలికి పాలిఇమైడ్. అగ్నిమాపక సిబ్బంది దుస్తుల్లో పీబీఐకి ఉన్న పేరు న్యాయమైనదే.

అయితే పాలిఇమైడ్లన్నీ ఒకటి కావు. 1970లలో నాసా లూయిస్ కేంద్రంలో రూపొందిన పీఎంఆర్-15 అనే పాలిఇమైడ్‌ను చూడండి. దాని తయారీకి వాడే డైఅమీన్‌లో (రెండు అమీన్ గుంపులున్న ముడిపదార్థంలో) నేను పైన చెప్పిన మిథిలీనే ఉంది, గొలుసు చివర్లలో నాడిక్ టోపీలు (చివర్లను మూసే గుంపులు) ఉన్నాయి. ఈ రెండూ దాని బలహీనతలు. 288 డిగ్రీల గాలిలో చాలాకాలం ఉంచిన ముక్కను అడ్డంగా కోసి, పాలిష్ చేసి, మైక్రోస్కోపు కింద పెడితే అంచు వెంబడి రంగు మారిన పలుచని పొర కనిపిస్తుంది, అందులో సన్నని పగుళ్లు. లోపలి భాగం మాత్రం దాదాపు చెక్కుచెదరదు, ఎందుకంటే ఆక్సిజన్ అంత లోతుకు చేరలేదు. తర్వాత వచ్చిన పీఎంఆర్-2-50లో మిథిలీన్‌ను తీసేశారు, రెండు వలయాల మధ్య హైడ్రోజన్‌లు లేని ఫ్లోరిన్ గుంపును పెట్టారు. గొలుసు అణుభారం 1500 నుంచి 5000కు పెంచారు కాబట్టి చివరి టోపీల పాళ్లూ తగ్గాయి. నా ఓటు ఈ దారికే. తయారీ కష్టం, ఖరీదు ఎక్కువ, అయినా సరే.

ఇక వేడికి వాడే మరో రెండు ప్లాస్టిక్కులు పీఈఈకే (పాలిఈథర్ ఈథర్ కీటోన్), పీటీఎఫ్ఈ (టెఫ్లాన్). ఇవి రెండూ 250, 260 డిగ్రీల దాకా పనికొస్తాయి. పీటీఎఫ్ఈలో ఊడటానికి హైడ్రోజనే లేదు, కానీ బరువు పడితే మెల్లగా సాగిపోతుంది.

కొనేముందు అమ్మేవాళ్లను అడగాల్సింది ఒకటే: మీరు వాడబోయే ఉష్ణోగ్రత దగ్గర, గాలిలో, గంటల లెక్కన బరువు ఎంత తగ్గిందో చూపే పట్టిక.