బయట వండితే ఎలుగుబంటి, లోపల వండితే జరిమానా

కెనడాలో మోటర్‌హోమ్ (మంచాలు, వంటిల్లు ఉన్న పెద్ద బండి) అద్దెకు తీసుకుంటే తిరగమోత వాసనకు కూడా బిల్లు వేస్తారని తిరుపతిలో ఎవరైనా చెప్పుంటే నవ్వేవాణ్ని. 200 డాలర్లు! మన డబ్బుల్లో 12 వేల పైమాటే. ఎడ్మంటన్‌లో బండి తిరిగి అప్పజెప్పేటప్పుడు కౌంటర్ అమ్మాయి తలుపు తీసి, ఒకసారి గాలి పీల్చి, డీప్ క్లీనింగ్ అని రాసేసింది. ముందురోజు మా ఆవిడ ఆ స్టవ్వును వెనిగర్ పోసి గంటసేపు తోమింది. ఆ మాట విన్నాక ఆమె ముఖం చూడలేకపోయాను.

మా అబ్బాయి "పోనీ నాన్నా, కట్టేద్దాం" అన్నాడు. చిత్తూరు నుంచి మాతో వచ్చిన బామ్మర్ది మాత్రం ఊరుకోలేదు. "యాడ రాసుండారో చూపించమను బావా" అని పట్టుబట్టాడు. అగ్రిమెంటు తిరగేస్తే సిగరెట్ల గురించి, కుక్కల గురించి ఉంది. వంట గురించి ఒక్క ముక్క లేదు. మేనేజర్ వచ్చి సగం తగ్గించాడు. అద్దానికి వేసిన 380 డాలర్లు మాత్రం వదల్లేదు. లారీ ఎగరేసిన రాయి తగిలి పెసరగింజంత మచ్చ పడిందంతే. అద్దం ఇన్సూరెన్సులోకి రాదన్న సంగతి బండి ఇచ్చే రోజు నోరు విప్పి చెప్పలేదు. మేం పోయిన అలాస్కా హైవే అంతా తారు రోడ్డే గానీ, రిపేర్లు జరిగే చోట కంకర మీదే పోవాలి. అద్దానికి కవర్ ఉందా అని మీరే అడగండి.

అద్దె రోజుకు 215, ఆపైన కిలోమీటరుకు 45 సెంట్లు. ఎడ్మంటన్ నుంచి యూకాన్ ప్రాంత రాజధాని వైట్‌హార్స్ దాదాపు రెండు వేల కిలోమీటర్లు, లెక్క మీరే వేసుకోండి. వంద కిలోమీటర్లకు పాతిక లీటర్లకు తక్కువ తాగదు ఈ బండి. అమెరికా వీసా లేదు కాబట్టి అలాస్కాలోకి పోకుండా వైట్‌హార్స్ నుంచే వెనక్కి తిరిగాం.

1942లో రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికా సైన్యం నెలల వ్యవధిలో కొట్టిన రోడ్డు ఈ అలాస్కా హైవే. డాసన్ క్రీక్‌లో మొదలవుతుంది. ఫోర్ట్ నెల్సన్ దాకా చెట్లు, లారీలు, ఇంకేమీ లేవు.

లియార్డ్ వేడినీటి బుగ్గ దగ్గరికి వచ్చాక ఖర్చు గురించి గొణగడం మానేశాం. అక్కడి క్యాంపులో బండి నిలపడానికి అప్పట్లో రాత్రికి 26 డాలర్లు. బురదనేల మీద వేసిన చెక్క బాట పట్టుకుని అడవిలోకి నడిస్తే చివర్లో పొగలు కక్కే మడుగు. ఊట పుట్టే వైపు కాలు పెట్టలేనంత వేడి, కిందికి పోయేకొద్దీ హాయి. "ఈ చలిలో నేను దిగను" అన్న మా ఆవిడే రాత్రి పదకొండైనా పైకి రాలేదు. జూన్‌లో అక్కడ ఆ వేళకీ వెలుతురే. తలకోన దగ్గర కూడా ఆమె అంత సంబరపడింది నేను చూడలేదు. మరునాడు రోడ్డు మీద అడవిదున్నల మంద అడ్డం నిలబడితే ఇంజను ఆపి కూర్చున్నాం.

లియార్డ్‌లోనే వంట తగాదా మొదలైంది. ఎలుగుబంట్లు వస్తాయి, తిండి బయట వదలొద్దని ప్రతి బోర్డు మీదా రాసుంటుంది. అందుకే లోపలే చారుకు తిరగమోత పెట్టాం. ఇప్పుడైతే బయట బల్ల మీద వండి, వెంటనే అన్నీ కడిగి లోపల పెట్టుకోండంటాను.

వాట్సన్ లేక్‌లో ఊళ్ల పేర్ల బోర్డులు వేలకొద్దీ ఉన్నాయి. 1942లో ఇంటిమీద బెంగ పెట్టుకున్న ఒక సైనికుడు తన ఊరి బోర్డు పెట్టడంతో మొదలైందట. మేమూ గాంధీ రోడ్డులో 350 రూపాయలకు రాయించుకెళ్లిన తిరుపతి బోర్డు కొట్టాం. బామ్మర్ది చిత్తూరు పేరు లేదని సాయంత్రం దాకా అలిగాడు.

రాత్రికి బండి నిలిపే ప్రైవేటు పార్కులు దండగ. కరెంటు ఇస్తారు గానీ 58 డాలర్లు, పక్కబండి గురక వినబడుతుంది. యూకాన్ ప్రభుత్వ క్యాంపుల్లో మేం వెళ్లినప్పుడు 20 డాలర్లే, కట్టెలు ఉచితం. డబ్బు కవర్లో పెట్టి పెట్టెలో వేసి రావడమే, కాపలా లేదు. "మన దగ్గరైతే ఆ పెట్టె తెల్లారేదాకా ఉంటాదా?" అన్నాడు బామ్మర్ది.

చివరగా, బండి మురుగునీటి ట్యాంకులు ఖాళీ చేసేటప్పుడు ముందు మరుగుదొడ్డిది, తర్వాత వంటింటి నీళ్లది. అప్పుడే పైపు శుభ్రపడుతుంది. ఆ పని ఎప్పుడూ నేనూ మా అబ్బాయే చేశాం. సరిగ్గా ఆ వేళకి బామ్మర్దికి ఫోన్ వచ్చేది.