గోల్ఫ్ గ్లౌజు, షూస్: కొత్తవాళ్లు మన ఉక్కపోతకి ఏవి కొనాలి

విజయనగరంలో ఉండి గోల్ఫ్ నేర్చుకోవాలనుకుంటే ఎక్కువమంది విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ వైపే చూస్తారు. సముద్రపు గాలి, ఒళ్లంతా జిడ్డు. అందుకే ఇక్కడ బ్రాండ్ కంటే ముందు చూసుకోవాల్సింది చెమట సంగతి.

కుడిచేతి వాటం వాళ్లకి గ్లౌజు ఎడమ చేతికే, ఒక్కటి చాలు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేటప్పుడు అది ఏ చేతికి వేసుకునేదో చదివి మరీ నొక్కండి. ఫుట్‌జాయ్ కంపెనీ గ్లౌజుల్లో స్టాసాఫ్ అనేది కాబ్రెట్టా అనే మెత్తటి గొర్రెతోలు. చేతికి వెన్నలా అంటుకుంటుంది, క్లబ్ (బంతిని కొట్టే కర్ర) పట్టు బాగా తెలుస్తుంది. కానీ తోలు చెమట పీల్చుకుని, ఆరాక ఉప్పు మిగిలి అట్టలా బిగుసుకుపోతుంది. పైగా కొత్తవాళ్లు క్లబ్‌ని గట్టిగా బిగిస్తారు, ప్రాక్టీసులో బంతులు ఎక్కువ కొడతారు, తొందరగా చింపేస్తారు. అదే కంపెనీ వెదర్‌సాఫ్‌లో ఎక్కువ భాగం సింథటిక్, తోలు అరుగుదల ఉండే చోట్లే. మొదటి గ్లౌజుగా మా ఓటు దానికే.

సైజుకి దర్జీ టేపు చాలు. బొటనవేలు వదిలేసి పిడికిలి కణుపుల మీదుగా చుట్టుకొలత, మధ్యవేలి పొడవు తీసుకుని కంపెనీ చార్టుతో పోల్చండి. అరచెయ్యి వెడల్పుగా, వేళ్లు పొట్టిగా ఉంటే కేడెట్ సైజు అడగాలి. వేసుకున్నాక అరచేతిలో గుడ్డ చిటికెకి దొరక్కూడదు, వేలి కొసల్లో ఖాళీ మిగలకూడదు. వెల్క్రో పట్టీ చివరిదాకా వచ్చేస్తే ఆ సైజు వద్దు: వాడేకొద్దీ గ్లౌజు సాగుతుంది, అప్పుడు బిగించడానికి చోటు ఉండాలి. చిటికెన వేలి కింద అరచేతి మడమ దగ్గర పదేపదే చిల్లు పడుతుంటే తప్పు గ్లౌజుది కాకపోవచ్చు. క్లబ్ చివర చేతిలో జారుతోంది, పట్టు సరిచేసుకోవాలి. ఆట అయ్యాక ఉండచుట్టి బ్యాగులో కుక్కకండి, ఎండలోనూ వెయ్యకండి. చాపి, ఫ్యాను కింద ఆరనివ్వండి. రెండు కొనుక్కుని మార్చి మార్చి వాడితే రెండూ ఎక్కువకాలం వస్తాయి.

షూస్ విషయంలో మొదట స్పైక్‌లెస్ (సోల్‌కే చిన్న రబ్బరు బొడిపెలు ఉండేవి) మేలు. ప్రాక్టీసు మ్యాట్ మీదా, బయట నడకకీ పనికొస్తాయి. తడి గడ్డి, వాలు ఉన్న చోట మాత్రం సాఫ్ట్ స్పైక్‌దే (సోల్‌కి మరతో బిగించే ప్లాస్టిక్ ముళ్లు ఉన్నదానిదే) పైచేయి, వానాకాలం ఆడేవాళ్లు వాటిని చూడొచ్చు. రన్నింగ్ షూస్‌తో సరిపెట్టుకుంటే మెత్తటి ఎత్తు సోల్ వల్ల స్వింగ్‌లో, అంటే క్లబ్ ఊపేటప్పుడు, పాదం పక్కకి వాలిపోతుంది. ఇనుప మేకుల క్రికెట్ షూస్ అయితే గ్రీన్‌ని (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చికని) పాడుచేస్తాయి, వాటి జోలికే వెళ్లొద్దు.

పాదం ఉబ్బే సాయంత్రం పూట, ఆటకి వేసుకునే సాక్సుతోనే వేసి చూడండి. బొటనవేలి ముందు అరంగుళం ఖాళీ ఉండాలి. స్వింగ్ ముగింపులో లాగా కుడికాలి మునివేళ్ల మీద లేవండి. మడమ షూలోంచి జారితే వదిలెయ్యండి. బరువంతా ఎడమకాలి మీదకి తెచ్చినప్పుడు చిటికెన వేలు సోల్ అంచు దాటి బయటికి తన్నకూడదు. వాటర్‌ప్రూఫ్ వానకి మంచిదే గానీ, ఎండాకాలం పాదం లోపల ఉడికిపోతుంది. ఒక్క జతే కొనేవాళ్లు జాలీ గుడ్డ ఉన్నదే తీసుకోండి.

డిస్కౌంటులో పాత స్టాకు తీసుకునేటప్పుడు పెట్టె మీద తయారీ లేదా దిగుమతి నెల చూడండి. పాలీయురేథేన్ సోల్ వాడకపోయినా గాలిలోని తేమకే లోపల్లోపల విరిగిపోతుంది. షూని వంచి, సోల్ పక్కభాగాన్ని బొటనవేలితో నొక్కితే సన్నటి పగుళ్లు కనిపించినా, పొడి రాలినా వద్దు.

సాఫ్ట్ స్పైకులు అరిగితే మార్చుకోవచ్చు. బిగింపు విధానం అన్ని షూస్‌కీ ఒకటి కాదు, పాత స్పైకు ఒకటి పక్కన పెట్టుకుని దానికి సరిపోయేవే తెప్పించండి. రెంచిని అపసవ్యంగా తిప్పితే ఊడతాయి. మన ఎర్రమట్టి మరల్లో ఎండిపోతే రెంచి జారి స్పైకు అంచులు పాడైపోతాయి. ముందు తడిపి, పాత టూత్‌బ్రష్‌తో మట్టి దులపండి. కొత్తది మొదట వేళ్లతోనే తిప్పి, మర సరిగ్గా పడ్డాకే రెంచి పెట్టండి.