అమ్మ మోకాళ్ల నొప్పికి కొన్న టెన్స్ మిషన్
ఫిజియోథెరపిస్ట్ చెబితే అమ్మ మోకాళ్ల కోసం చర్మం మీద నుంచి చిన్న కరెంటు ఇచ్చి నొప్పి తగ్గించే ఈ టెన్స్ మిషన్ కొన్నాను, 3 నెలలుగా వాడుతున్నాం. మోకాలికి అటూ ఇటూ జిగురు ప్యాడ్లు అంటించి నాబ్ మెల్లగా తిప్పితే చీమలు పాకినట్టు జుమ్మంటుంది, ఆ చిన్న కరెంటు చర్మం కింది నరాలను తట్టి లేపితే నొప్పి కబురు చాలావరకు వెన్నుపాము దగ్గరే ఆగిపోతుందని అంటారు, 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన గేట్ సిద్ధాంతం ఇదే. అరగంట పెట్టుకుంటే అమ్మ రెండు గంటలు వంటింట్లో హాయిగా నిలబడుతోంది, నాకది చాలు. మోకాళ్ల అరుగుదల మాత్రం దీంతో తగ్గదు. ప్యాడ్లతోనే ఇబ్బంది: 20 సార్లకే జిగురు పోయి, అంచులు లేచి చురుక్కుమంటున్నాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా దీన్ని ముట్టుకోవద్దు, మెడ ముందు వైపు ఎవరూ పెట్టొద్దు.